ఛత్రపూర్‌లో తిన్న ఏడు గోల్స్

ఛత్రపూర్‌లో నాలుగో గోల్ పడగానే నేను చేసిన పని, గీత దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డ ఆయన దగ్గరికి వెళ్ళి, టైము అయిపోయినట్టుంది కదండీ అని అడగడం. ఆయన తన చేతి గడియారం నాకు చూపించాడు. ఇంకా ముప్ఫై నిమిషాలుంది. ఆ ముప్ఫై నిమిషాల్లో ఇంకో మూడు పడ్డాయి. మేం ఒక్కటీ వెయ్యలేదు.

అప్పట్లో నేను బరంపురంలో ఒక కాలేజీకి గేమ్స్ సార్‌ని, అంటే అక్కడి ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌ని. ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి రోజులవి. నాకు నలభై ఆరేళ్ళు. పదకొండేళ్ళుగా ఆ జట్టు నా చేతిలో ఉంది. ఆ పదకొండేళ్ళలో జిల్లా కప్పు నాలుగుసార్లు గెలిచాం. ఆ నాలుగు కప్పులూ ప్రిన్సిపాల్ గదిలో గాజు బీరువాలో ఉండేవి. కొత్తవాళ్ళెవరైనా ఆ గదిలోకి వెళ్తుంటే నేనూ ఏదో పని కల్పించుకుని వెంట వెళ్ళి, బీరువాకి కాస్త పక్కగా నిలబడేవాణ్ణి. ఎవరైనా అడుగుతారేమోనని కొంతసేపు చూసి, అడక్కపోతే నేనే చెప్పేవాణ్ణి.

ఇంతటి కోచ్ ఆట ఎక్కడ నేర్చుకున్నాడని మీకు అనుమానం రావచ్చు. మాది మూడు తరాలుగా బరంపురంలో పసుపు, చింతపండు టోకు వ్యాపారం చేసే ఇల్లు. అన్నయ్య కొట్టు చూసుకునేవాడు. నన్నూ కొట్లో కూర్చోబెట్టాలని చూశారు గానీ, పసుపు ఘాటుకి నాకు ఆగకుండా తుమ్ములు వచ్చేవి. ఆ తుమ్ములే నన్ను మైదానానికి తరిమాయి. చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టులో మూడేళ్ళున్నాను, మూడేళ్ళూ రిజర్వు. ఎవరి కాలైనా విరిగితే దిగుదామని బూట్లు బిగించుకుని బెంచీ మీద కూర్చునేవాణ్ణి. మా జట్టువాళ్ళ కాళ్ళు చాలా గట్టివి. తర్వాత వ్యాయామ శిక్షణ కోర్సు ఒకటి చేసి, ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. ఇంకెవరూ పెట్టలేదు కాబట్టి నాకే వచ్చింది.

ఆటకి సంబంధించి నాకు నిజంగా వచ్చిన పని ఒకటుంది. మైదానంలో సున్నంతో గీతలు వెయ్యడం. కొట్లో బస్తాలు కట్టే పురికొస ఉండ తెచ్చి, ఈ చివర ఒక మేకు, ఆ చివర ఒక మేకు కొట్టి, దాన్ని బిగలాగి, చిల్లుల డబ్బాలోంచి సున్నం పొడి రాల్చుకుంటూ వంగి నడిచేవాణ్ణి. తెల్లవారుతుండగా మొదలుపెడితే పిల్లలు వచ్చే వేళకి అయిపోయేది. దీన్ని నేను కోచింగ్ కింద ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. అది బంట్రోతు చెయ్యాల్సిన పని. అతను వేస్తే వంకర వస్తోందని నేను వేసేవాణ్ణి, అంతే.

నా దృష్టిలో కోచింగ్ అంటే అరవడం, అదీ తెలుగులో అరవడం. ఈ పద్ధతి నేనే కనిపెట్టాను. మా జట్టులో సగం ఒడియా పిల్లలు, సగం తెలుగు పిల్లలు. బరంపురంలో పెరిగినవాడికి రెండు భాషలూ వచ్చేస్తాయి కాబట్టి మాలో మాకు ఇబ్బంది లేదు. మాతో ఆడేవి ఎక్కువగా ఆస్కా, భంజనగర్ వైపు జట్లు. వాళ్ళకి తెలుగు ముక్క రాదు. అందుకని నేను గీత బయట ఈ మూల నుంచి ఆ మూలకి పరిగెడుతూ, "ఒరే, ఎడంపక్క నుంచి ఎల్రా," "ఆ పొట్టోడికి ఆట రాదు, ఆడి మీదకి ఎల్లండ్రా," అని మా ఎత్తులన్నీ ఊరంతా వినేలా చెప్పేసేవాణ్ణి. ఎదుటివాడు వింటాడు గానీ వాడికి అర్థం కాదు. నాలుగు కప్పులూ ఆ అరుపులతోనే గెలిచామని నా నమ్మకం.

ఛత్రపూర్ మ్యాచ్‌కి నెల ముందు నాకు పచ్చకామెర్లు వచ్చాయి. మూడు వారాలు చప్పిడి తిండి తిని, చెరుకురసం తాగి, మ్యాచ్ నాటికి లేచి నిలబడ్డాను గానీ చొక్కా వేలాడిపోతోంది. మా ఆవిడ వెళ్ళొద్దంది, వినకపోతే మెడకి మఫ్లర్ చుట్టి పంపింది. బరంపురం నుంచి ఛత్రపూర్ పాసింజర్ బండిలో ఎంతో దూరం కాదు. ఆ కాస్త దూరంలోనే నాకు నా మీద విపరీతమైన జాలి పుట్టుకొచ్చింది.

"ఒరే, ఈ ఒక్క మ్యాచీ నే సెప్పినట్టు ఆడండర్రా. వచ్చే ఏటికి నేనుంటానో ఉండనో," అన్నాను.

కామెర్ల నుంచి లేచిన మనిషి నోట్లోంచి అలాంటి మాటలు చాలా సులువుగా వస్తాయి. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మా కెప్టెన్ ఆంధ్రా సరిహద్దు దగ్గర పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ, ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు, మాట తక్కువ. కాసేపు నా మఫ్లర్ వంక చూసి, "అలాగే సార్," అన్నాడు.

అలాగే ఆడారు కూడా. అంతగా మాట వినే జట్టుని నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. ఎడమ అంటే ఎడమ, ఆగమంటే ఆగడం, వెనక్కి ఇమ్మంటే వెనక్కి ఇవ్వడం. మొదటి పది నిమిషాలు ఆనందంతో నా కళ్ళు చెమర్చాయి. కళ్ళు తుడుచుకునే లోపల మొదటి గోల్ పడింది. మేం ఎటు వెళ్ళబోతే అటు వాళ్ళ మనిషి ముందుగానే వచ్చి, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను. వాళ్ళు ఇంకా ముందుగా వచ్చి నిలబడ్డారు. తిరుగు బండిలో మా గోలీ తన రెండు అరచేతులూ చూసుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు మా కాలేజీ గేటు ఎదుట టీ దుకాణంలో రెండు పక్షాలు తయారయ్యాయి. ఓడింది ఒక్క మ్యాచ్, మనిషి జబ్బు నుంచి లేచి వెళ్ళాడు, అందులో ఏముంది అనేది మొదటి పక్షం. అందులో టీ కాచే ఆయన ఒక్కడే ఉన్నాడు. నేను ఆయన దగ్గర రోజుకి నాలుగు టీలు తాగేవాణ్ణి కాబట్టి ఆయన మాట ఎవరూ లెక్కచెయ్యలేదు. రెండో పక్షానికి నాయకుడు మా కాలేజీలో పనిచేసి రిటైరైన హెడ్‌గుమస్తా.

"ఏడు గోల్సూ నిన్న పడ్డాయనుకుంటన్నారేటి? రెండేళ్ళ బట్టీ పడతన్నాయి, నిన్న కనబడినాయంతే," అన్నాడాయన. "మొన్నటి కప్పు ఎలా గెలిసినాం? ఆళ్ళ గోలీ కాలు జారి పడితే గెలిసినాం. అంతకు ముందేడు ఫైనల్‌కే పోలేదు. గేమ్స్ సార్ పని అప్పుడే అయిపోనాది."

నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆ వాదన నాకు నచ్చింది, ఎక్కడా తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉంది. ఆ రోజు నుంచి రెండో పక్షంలో నాకంటే గట్టి మనిషి లేడు. నా గతాన్నంతా తవ్వి సాక్ష్యాలు పోగు చేశాను. కళ్ళజోడు నంబరు పెరిగింది. విజిల్ ఊదితే మునుపటి దమ్ము రావడం లేదు. మైదానం చుట్టూ రెండు చుట్లు తిరిగేవాణ్ణి ఒక చుట్టుకే కూర్చుంటున్నాను. నిరుడు ఒక మ్యాచ్‌లో అవతలి జట్టు కుర్రాణ్ణి మావాడనుకుని చాలాసేపు తిట్టాను. ఈ లోపాలన్నీ గెలిచినన్నాళ్ళూ నా కళ్ళ ముందే ఉన్నాయి, ఒక్కటీ కనబడలేదు. ఓడిన మర్నాటి నుంచి మాత్రం రోజుకొకటి కనబడసాగింది.

ఓదార్పు కోసం అన్నయ్య కొట్టుకి వెళ్ళాను.

"ఏట్రా, ఏడంట?" అన్నాడు.

"ఏడే."

"ఎనిమిదోది ఎయ్యకండా వదిలేసినారంటే మంచోళ్ళేరా," అని చింతపండు బస్తా వైపు తిరిగాడు. అన్నయ్య ఓదార్పు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

మా ప్రిన్సిపాల్ ఒడియా పెద్దమనిషి. ఎవరినీ నొప్పించి ఎరగడు, నాకు ఆయనంటే భయం అందుకే. గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, కామెర్లలో ఏం తినాలో ఏం తినకూడదో పావుగంట మాట్లాడి, చివర్లో ఒడియాలో ఎంతో మెత్తగా చెప్పాడు. మీరు చాలా ఏళ్ళు కష్టపడ్డారు. కామర్స్‌లో కొత్తగా చేరిన లెక్చరర్ యూనివర్సిటీ జట్టుకి ఆడినవాడు, ఉత్సాహంగా ఉన్నాడు. మూడు వారాల్లో ఛత్రపూర్ వాళ్ళు మన దగ్గరికి వస్తారు కదా, ఆ మ్యాచ్ చూసి అప్పుడు ఆలోచిద్దాం.

అప్పట్లో మా పోటీల్లో ప్రతి జట్టుతోనూ రెండేసిసార్లు ఆడాలి, ఒకసారి వాళ్ళ ఊళ్ళో, ఒకసారి మా ఊళ్ళో. అంటే నాకు మూడు వారాలు గడువు. మళ్ళీ ఓడితే విజిల్ ఆ లెక్చరర్‌కి ఇచ్చేసి నేను ఆఫీసులో కూర్చుని హాజరు పట్టీలు రాసుకోవాలి. బీరువాలో కప్పుల వంక చూశాను. నాకు భయం వేసింది. ఆ జట్టు లేకపోతే నేను తుమ్ములొచ్చే పసుపు వ్యాపారి తమ్ముణ్ణి, ఇంకేమీ కాను.

అలా నాలుగు రోజులు కుమిలిపోయాక మా గోలీ వచ్చి, సిగ్గుపడుతూ ఒక మాట చెప్పాడు. ఐదో గోల్ కొట్టాక వాళ్ళ ఫార్వర్డ్ తన దగ్గరికి వచ్చి, 'ఏటీ అనుకోకు అన్నా' అన్నాడట.

"తెలుగులోనా?" అన్నాను.

"తెలుగులోనే సార్. మార్కండి కుర్రోడంట."

ఎదుటి జట్టు పేర్ల జాబితా చదివే అలవాటు నాకు లేదు. చదివి ఉంటే ఇంటిపేర్లు చూడగానే తెలిసిపోయేది. మార్కండి సముద్రం ఒడ్డున చేపలుపట్టే వాళ్ళ పల్లె, అక్కడ ఇంటింటా తెలుగే. ఈ సంగతి గంజాం జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. నాకూ తెలుసు. కానీ మా ఇంట్లో చేప ముట్టం. అందువల్ల ఆ పల్లెలో మనుషులుంటారనీ, వాళ్ళు మాట్లాడతారనీ, వాళ్ళ పిల్లలు ఛత్రపూర్‌లో కాలేజీకి వెళ్తారనీ నాకు ఎప్పుడూ తోచలేదు. టోకు వ్యాపారుల బుర్ర అలాగే ఉంటుంది. కొనని సరుకు ఎక్కణ్ణుంచి వస్తోందో ఆలోచించదు.

ఆ ఆదివారమే మార్కండి వెళ్ళాను. ఇసుకలో బూట్లు కూరుకుపోతుంటే చేత్తో పట్టుకుని నడిచాను. దారి పొడుగునా జనం చేపలు కావాలా అని అడిగారు. తినమని చెబితే, మరెందుకు వచ్చినట్టని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. ఆ కుర్రాడు ఇంటి ముందు తండ్రితో కలిసి చిరిగిన వల అల్లుతున్నాడు. నన్ను చూసి గభాల్న లేచాడు.

"సార్, మీరా. రండి, కూకోండి."

"నీకు తెలుగొచ్చా?"

"మా ఊళ్ళో ఇంకేటొత్తాది సార్?"

"మరి ఆటలో అంతా ఒడియాలోనే మాటాడుకున్నారు గదా."

"మా సార్ సెప్పినారు. ఆట అయ్యేదాకా తెలుగు నోట్లోంచి రాకూడదు, నవ్వకూడదు అన్నారు. మేం అయిదుగురం మార్కండోళ్ళమే. నవ్వు ఆపుకోడానికే సానా కట్టమయినాది సార్." మళ్ళీ నవ్వు ఆపుకుంటూ, "పొట్టోడికి ఆట రాదు అన్నారు సూడండి, ఆ పొట్టోణ్ణి నానే," అన్నాడు.

ఆ పొట్టివాడు మూడు గోల్స్ కొట్టాడు. నేను వల వంక చూస్తూ నిలబడ్డాను. తండ్రి వల పక్కన పెట్టి లేచి, "ఏటీ అనుకోకండి బాబూ, పెద్దోరు. ముందే సెప్పాల్సింది," అని కొడుకు తరఫున నాకు క్షమాపణ చెప్పుకున్నాడు. వద్దన్నా వినకుండా కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు.

సిగ్గుపడాల్సిన మనిషిని తిరుగు బస్సులో ఈలవేసుకుంటూ వచ్చాను. ఇది పతనం కాదు. నాలో ఏ లోపం లేదు, గుట్టు బయటపడింది అంతే. హెడ్‌గుమస్తా వాదన మొత్తం కొట్టుకుపోయింది. ఇంటికి రాగానే మా ఆవిడకి పూసగుచ్చినట్టు చెప్పాను.

"ఏటండీ, మార్కండోళ్ళకి తెలుగొచ్చని మీకు తెల్లేదా?" అంది.

"తెలుసు. తట్టలేదు."

"అయితే ఇది వయసు వల్ల కాదు లెండి. పెళ్ళయిన కాడి నుంచీ మీరింతే."

ధైర్యం చెప్పడానికే అంది. నేనూ ధైర్యంగానే తీసుకున్నాను.

ఇక కొత్త రహస్య భాష తయారు చెయ్యాలి. రెండు రోజులు ఆలోచించి మా కొట్టు సరుకుల పేర్లు పెట్టాను. పసుపు అంటే ఎడమ, చింతపండు అంటే కుడి, జీలకర్ర అంటే వెనక్కి ఇవ్వడం, ఎండుమిర్చి అంటే గోల్ కొట్టడం. హల్దియాపదర్ వైపున్న మా మైదానంలో రెండు వారాల పాటు ప్రతి సాయంత్రం పసుపు, పసుపు, చింతపండు, ఎండుమిర్చి అని అరిచాను. రోడ్డున పోతున్న ఒకావిడ సంచీ పట్టుకుని లోపలికి వచ్చి, కొత్త చింతపండేనా అని అడిగింది. పిల్లలు అన్నిటికీ తలలూపేవారు. తెలుగు పిల్లలు అలాగే సార్ అనేవారు, ఒడియా పిల్లలు 'ఆజ్ఞా' అనేవారు. కెప్టెన్ మొహంలో మాత్రం పంటినొప్పితో ఉన్నవాడి కళ కనబడేది. వాడికి పరీక్షల బెంగ అనుకున్నాను.

రెండు వారాల అరుపులకి గొంతు మెల్లగా బొంగురుపోతూ వచ్చింది. మ్యాచ్ రోజు ఉదయం గీతలు వేస్తూ, మేకు సరిగ్గా పట్టుకోమని బంట్రోతుకి చెబుదామంటే గాలి తప్ప మాట రాలేదు. ఉప్పునీళ్ళు పుక్కిలించాను. మా ఆవిడ మిరియాలపాలు ఇచ్చింది. అన్నయ్య కొట్టు నుంచి శొంఠి పంపాడు. సాయంత్రానికి ఆ గాలి కూడా రావడం మానేసింది.

మ్యాచ్ మొదలైంది. గీత దగ్గర నిలబడి నోరు తెరిచాను, మూసుకున్నాను. చేసేదేమీ లేక వెళ్ళి రిజర్వు ఆటగాళ్ళ బెంచీ మీద, నా పాత చోట్లో కూర్చున్నాను. అటుపక్క కుర్చీల్లో ప్రిన్సిపాల్, ఆయన పక్కన కామర్స్ లెక్చరర్ ఉన్నారు. మార్కండి కుర్రాడు పరిగెడుతూ మాటిమాటికీ చెవి రిక్కించి నా వంక చూశాడు. ఏమీ వినబడకపోయేసరికి వాడి మొహం చిన్నబోయింది. ఛత్రపూర్ వాళ్ళు ఎటు నిలబడాలో తెలీక ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. మొదటి సగంలో మావాళ్ళు ఒక గోల్ వేశారు. తర్వాత ఆ పొట్టివాడే ఒకటి వేసి సమం చేశాడు. ఆట ఇంక నాలుగైదు నిమిషాల్లో అయిపోతుందనగా మా కెప్టెన్ ఇచ్చిన బంతిని ఒక ఒడియా కుర్రాడు తలతో లోపలికి నెట్టాడు. రెండు ఒకటి. నేను ఎగిరి గంతేసి ఏదో అరిచాను, అది నాకే వినబడలేదు.

టీ దుకాణం దగ్గర హెడ్‌గుమస్తా నా భుజం తట్టి, "నాను ముందే అన్నాను, ఇతగాడు ఇంకా పదేళ్ళు ఆడిస్తాడని. ఇదేటనుకున్నారు, మౌనంగా ఆడించడం, కొత్త పద్ధతి," అని అందరికీ వివరించాడు. ప్రిన్సిపాల్ నా చెయ్యి పట్టుకుని ఊపి, మీరే ఉండండి అన్నాడు. మాట రాదు కాబట్టి వినయంగా తలవంచాను. మౌనం నా పద్ధతేనని అప్పటికే నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను.

ఆ నమ్మకం ఒక్కపూట నిలిచింది. మర్నాడు ఉదయం మైదానంలో మేకులు పీకి పురికొస ఉండ చుడుతుంటే కెప్టెన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. నా గొంతు కాస్త పెగులుతోంది.

"సార్, ఒక మాట సెప్పాలి. మీరు కోపపడకూడదు. మల్లీ మీరు పసుపూ సింతపండూ మొదలెట్టీసేలోపల సెప్పీయాలని వొచ్చినాను."

"చెప్పు."

"జట్టులోకి రాగానే సీనియర్లు సెప్తారు సార్. సార్ అరుస్తారు, అలాగే సార్ అను, కెప్టెన్ సెయ్యి సూసి ఆడు, అని. నడుం ఎనక సెయ్యెట్టి వేళ్ళు సూపిస్తాం. ఎడమైతే ఒకటి, కుడైతే రెండు. మా సీనియర్లకి ఆళ్ళ సీనియర్లు సెప్పినారు."

"ఎప్పటి నుంచి?"

"మీరొచ్చిన మొదటి ఏటి బట్టీ అంట సార్."

మొదటి కప్పు నేను వచ్చిన మూడో ఏట గెలిచాం. చేతిలో పురికొస అలాగే ఉండిపోయింది.

"మరి ఛత్రపూర్‌లో?" అన్నాను.

వాడు తల వంచుకున్నాడు. "రైల్లో మీరలాగన్నారు గదా సార్. కామెర్లు పడి లేచినారు. మెడకి మఫ్లరూ అదీనూ. ఈ ఒక్కపాలికి సార్ సెప్పినట్టే ఆడేద్దాం, ఏటయితే అదయిందని నానే అందర్కీ సెప్పినాను. తప్పు నాది సార్."

నాకు ముందు కోపమే వచ్చింది. పొమ్మన్నాను. వాడు పోలేదు. కోపం పోయాక సిగ్గు వేసింది, మార్కండిలో పడాల్సింది, ఇప్పుడు వడ్డీతో సహా పడ్డాను. పదకొండేళ్ళలో నేను నిజంగా కోచింగ్ చేసిన మ్యాచ్ ఒకే ఒక్కటి. అందులో జట్టుని ఏడు గోల్స్ తేడాతో ఓడించాను. నా పని అయిపోయిందా అని నెలరోజులు ఊరంతా వాదించుకుంది, ముందు నిలబడి నేనూ వాదించాను. అయిపోవడానికి అది మొదలయితే కదా. కామెర్లకి ముందూ, తర్వాతా నేను ఒకేలా ఉన్నాను. ఏమీ తగ్గలేదు. మా ఆవిడకి ఇది ముందే తెలుసు.

"మరి నన్నెందుకు ఉంచుకున్నార్రా ఇన్నేళ్ళు?" అన్నాను. గొంతు బొంగురుగా ఉండడం వల్ల అది ఏడుపులా వినబడి ఉండాలి. ఏడుపే అయి ఉండొచ్చు.

"అదేటి సార్, ఉంచుకోడం ఏటి. గీతలెవరు ఏస్తారు?" అన్నాడు వాడు. ఇంకొంచెం ఆలోచించి, "పొద్దున్నే మేం వొచ్చేతలికి గీతలు తెల్లగా, తిన్నగా కనబడతాయి సార్. అయి సూస్తే ఆడాలనిపిస్తాది," అన్నాడు. ఆ కుర్రాడు నాతో అన్నేసి మాటలు మాట్లాడడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ వారం చివర్లో ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, జట్టుని కామర్స్ లెక్చరర్‌కి ఇచ్చెయ్యమనీ, మైదానం పని మాత్రం నాకు ఉంచమనీ అడిగాను. గెలిచి వదులుకుంటున్నానని ఆయన చలించిపోయాడు. చిన్న సభ పెట్టి దండ వేశారు. పైన ఉండగానే దిగడం గొప్పవాళ్ళకే చేతనవుతుందని హెడ్‌గుమస్తా ఉపన్యాసం ఇచ్చాడు. అందులో ఏ మాటనీ నేను సరిదిద్దలేదు. దండ ఇంటికి తెచ్చుకుని మేకుకి తగిలించాను కూడా.

లెక్చరర్ ఆడించిన మొదటి మ్యాచ్ మా మైదానంలోనే జరిగింది. అతను నాకంటే బాగా అరుస్తాడు. ఆట తెలిసినవాడు, ఇంగ్లీషు మాటలు కూడా వాడతాడు. మధ్యలో వానజల్లు పడి మూల దగ్గర గీత చెదిరితే, సున్నం డబ్బా పట్టుకుని అక్కడ వంగి కూర్చున్నాను. ఆ మూల నుంచి మా కెప్టెన్ వీపు కనబడుతోంది. లెక్చరర్ ఎడమవైపు వెళ్ళమని అరిచాడు. కెప్టెన్ అటు తిరిగి, "యెస్ సార్," అన్నాడు. వాడి కుడిచెయ్యి నెమ్మదిగా నడుం వెనక్కి వచ్చి రెండు వేళ్ళు చూపించింది. జట్టంతా కుడివైపుకి కదిలింది.

పదకొండేళ్ళు ఆ చెయ్యి అక్కడే ఉంది. నేను గీత పొడుగునా ఇటూ అటూ పరిగెడుతూ, అరుస్తూ, ఒక్కసారీ చూడలేదు.

విరామంలో లెక్చరర్ చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "చూశారా సార్, ఎంత బాగా మాట వింటున్నారో," అన్నాడు. అతని కళ్ళల్లో తడి కనబడింది. దాన్ని నేను గుర్తుపట్టాను.

"మంచి జట్టండి. ఎవరి మాటైనా అలాగే వింటారు," అన్నాను. తర్వాత పురికొస చివర అతని చేతికి ఇచ్చి, కాస్త బిగించి పట్టుకోమన్నాను.